మా మరదలి కార్డులో లేని మాట

ఇది రాయడానికి ముందు మా మరదలిని అడిగాను. "పేరు మాత్రం రాయకు వదినా, మిగతాది ఉన్నదున్నట్టు రాయి, నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు" అన్నది. అందుకే మా ఊరి పేరూ, మేము తిరిగిన ఆసుపత్రుల పేర్లూ ఇందులో ఉండవు. మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లిన ప్రాంతం అది. నేను కందుకూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను.

మా తమ్ముడూ మరదలూ ఇద్దరూ పొగాకు పనికి వెళతారు. సీజన్లో ఆమె తెల్లవారక ముందే పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి వెళ్లి ఆకు గుచ్చేది, ఆ తర్వాత గ్రేడింగ్‌లో కూర్చునేది. పచ్చాకు రసం ఒంటికి పట్టి వాంతులు, తలతిప్పు, రోజంతా వంగి కూర్చున్నందుకు నడుము నొప్పి, రాత్రికి నిద్ర లేకపోవడం అన్నీ ఉండేవి. నిద్ర పడుతుందని చెప్పి మొదటిసారి ఆమెకు తన సీసాలోంచి పోసింది మా తమ్ముడే. ఈ మాట దాచి మిగతాది రాస్తే అది నిజం కాదు. మూడేళ్లు తిరిగేసరికి సాయంత్రం గొంతులో పడితే తప్ప చెయ్యి నిలవని స్థితికి వచ్చిందని మాకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆడమనిషి తాగుతుందేమోనన్న ఆలోచనే మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

2023లో ఆమె గర్భవతి అయింది. మూడో నెలలో ఏఎన్‌ఎం పేరు నమోదు చేసి మాతా శిశు సంరక్షణ కార్డు ఇచ్చింది. బరువు, బీపీ, రక్తం శాతం అన్నీ అందులో రాశారు. తాగుడు సంగతి ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు. ఆరో నెలలో బియ్యం డబ్బా వెనక దొరికిన సీసా మా అమ్మ కంటపడినప్పుడు గానీ విషయం బయటికి రాలేదు.

మా అమ్మకు అది ఎందుకు మింగుడు పడలేదో చెప్పాలి. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో, రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు ఆ ఊరి రోశమ్మ వెనక నడిచి సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు నెల్లూరు జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు ఆగిపోయి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో దాన్ని ఎత్తివేశారు. ఆ పోరాటం నాటికి మా అమ్మ కొత్త కోడలు, చేతిలో చీపురు పట్టుకొని మా ఊరి సారా కొట్టు ముందు కూర్చున్నవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆ పోరాటంలో తాగేవాడు మొగుడు, ఏడ్చేది పెళ్లాం. తాగే ఆడమనిషికి ఆ కథలో చోటు లేదు, మా అమ్మ మనసులో కూడా లేకపోయింది. ఢిల్లీ ఎయిమ్స్ వారు 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో మద్యం వాడే మగవాళ్లు 27.3 శాతం, ఆడవాళ్లు 1.6 శాతం అని ఉంది. ఇంత తక్కువమంది కావడం వల్లనే ఆ ఆడవాళ్ల కోసం ఒక గది గానీ, ఒక మంచం గానీ, ఒక ప్రశ్న గానీ ఎక్కడా సిద్ధంగా ఉండదని తర్వాత నాకు అర్థమైంది.

ఆ రోజు మేము చేసిన తప్పు పెద్దది. బిడ్డ కోసం ఇప్పటికిప్పుడు మానెయ్యమని ఒట్టు వేయించుకొని, ఆమెను గదిలో పెట్టి గడియ వేశాం. మా అమ్మ సంతలో ఒకతని దగ్గర తాగుడు మాన్పించే పొడి అని ఒక పొట్లం కూడా కొనుక్కొచ్చింది. రెండో రోజు పొద్దున నేను స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తీసుకెళితే, ఆమె రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు పళ్లకు తగిలి టకటకమని మోగింది, సగం నీళ్లు చీర మీదే పోయాయి. ఒళ్లంతా చెమట. గోడ మీద ఏమీ లేకపోయినా చీమలు పాకుతున్నాయంటూ చేత్తో దులిపింది. ఆశా కార్యకర్తకు ఫోను చేస్తే ఆమె ఒక్క మాట కూడా అడగకుండా 108కి చెప్పింది.

ఎంతోకాలంగా రోజూ తాగుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు వచ్చి ప్రాణమే పోవచ్చని, గర్భిణి విషయంలో తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పని, వార్డులో ఉంచి మందులతో మెల్లగా దించాలని ఆ రాత్రి డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. పొట్లం చూపిస్తే, ఇలాంటి వాటిలో డైసల్ఫిరామ్ కలిపి అమ్ముతుంటారని, అది గర్భిణికి ఇవ్వకూడని మందని, ఎవరికైనా సరే తెలియకుండా అన్నంలో కలిపితే తాగినప్పుడు ప్రాణం మీదికి వస్తుందని చెప్పి చెత్తబుట్టలో వేయించారు. అదృష్టం కొద్దీ మా అమ్మ ఇంకా కలపలేదు.

అయితే ఆ డాక్టరు దాకా చేరడానికి ముందు రెండు గంటలు చక్రాల కుర్చీతో వరండాల్లో తిరిగాం. కాన్పుల వార్డులో ఇది మానసిక విభాగం కేసు అన్నారు. మానసిక విభాగంలో నిండు మనిషిని మా వార్డులో పెట్టలేమన్నారు. ఎవరి మాటలోనూ కక్ష లేదు, ఎవరి రిజిస్టరులోనూ ఈమెకు గడి లేదు, అంతే. చివరికి డ్యూటీలో ఉన్న ఒక లేడీ డాక్టరు ముందు కాన్పుల వార్డులో పడుకోబెట్టించి, మానసిక వైద్యుణ్ణి అక్కడికే పిలిపించింది. గ్లూకోజు ఎక్కించే ముందే విటమిన్ బి1 సూది వేయించింది. తర్వాత మంచం పక్కన స్టూలు లాక్కొని కూర్చొని, పొద్దున టిఫిను ఏం తిన్నావని అడిగినంత మామూలుగా, "చివరిసారి ఎప్పుడు తాగావమ్మా, రోజుకు ఎంత?" అని అడిగింది. మా మరదలు నిజం చెప్పింది. అంతవరకు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ తిట్టకుండా అడగలేదు.

తొమ్మిది రోజులు వార్డులో ఉన్నాం. నాలుగో రోజుకు చేతుల వణుకు తగ్గింది. అప్పుడు ఆమె భయం డబ్బు మీదికి మళ్లింది. కేసు షీటులో మద్యం అని రాశారు కనుక గర్భిణులకు వచ్చే ప్రభుత్వ సాయం ఆగిపోతుందని పక్క మంచం వాళ్లెవరో చెప్పారట. ఆ మాటతో, తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు ఇక నిజం చెప్పనని పట్టుబట్టింది. నేను మా ఏఎన్‌ఎంను పిలిపించి ఆమె ముందే ఫారం చదివించాను. ప్రధానమంత్రి మాతృ వందన యోజన దరఖాస్తులో ఆధార్, మాతా శిశు సంరక్షణ కార్డు, బ్యాంకు ఖాతా, బియ్యం కార్డు లేదా ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటి అర్హత పత్రం అడుగుతారు. అలవాట్ల గురించి అందులో ఒక్క గడి కూడా లేదు. మొదటి కాన్పుకు మొత్తం 5000 రూపాయలు. గర్భం నమోదై, ఆరు నెలల్లోపు కనీసం ఒక చెకప్ అయితే 3000, బిడ్డ పుట్టుక నమోదై పద్నాలుగు వారాల వరకు వేయాల్సిన టీకాలు పూర్తయితే 2000 ఇస్తారు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6000 ఒకేసారి వస్తుంది. భర్త ఆధార్ తప్పనిసరి కాదు. ఇదంతా చదివాక మా మరదలు పమిటతో ముఖం తుడుచుకొని, "అయితే నేను తాగినా నేను తల్లినేగా వాళ్ల లెక్కలో" అన్నది.

దరఖాస్తు సులువే, ఖాతా దగ్గర చిక్కు వచ్చింది. ఇలాంటి డబ్బు మనం రాసిచ్చిన నంబరుకు కాక, ఆధార్ చివరగా ఏ ఖాతాతో జోడించి ఉంటే ఆ ఖాతాలో పడుతుంది. ఆమె ఆధార్ పెళ్లయిన కొత్తలో కూలి డబ్బుల కోసం తెరిచిన ఖాతాతో ముడిపడి ఉంది. ఆ ఏటీఎం కార్డు మా తమ్ముడి జేబులో ఉంటుంది. వాడు కూడా తాగేవాడే కనుక ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. మా అమ్మేమో ఈమె చేతికిస్తే ఈమె తాగుతుంది, నా ఖాతాలో వేయించమన్నది. వేరేవాళ్ల ఖాతాకు కుదరదని ఏఎన్‌ఎం చెప్పింది. నాకూ అదే న్యాయమనిపించింది. పోస్టుమ్యాన్ ఇంటికి వచ్చి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకులో ఆమె పేరున కొత్త ఖాతా తెరిచి ఆధార్‌ను దానితో జోడిస్తానన్నాడు. అయితే వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి పొగాకు జిగురు పట్టి వేళ్ల కొసలు నల్లబడి, గీతలు అరిగిపోయి ఉన్నాయి. కొబ్బరినూనె రాసి, సబ్బుతో రుద్ది, ఒక్కో వేలూ మార్చి చూస్తే నాలుగోసారి ఎడమచేతి ఉంగరపు వేలు పనిచేసింది.

ఈలోగా మత్తు విడిపించే కేంద్రంలో చేర్పించాలని ప్రయత్నించాను. 14446కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా దారి చెబుతారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 నుంచి అమలు చేసిన జాతీయ కార్యాచరణ కింద స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చి నడిపించే కేంద్రాల్లో చికిత్స ఉచితం. కానీ మేము వెళ్లినచోట మంచాలన్నీ మగవాళ్లవే, ఆడవాళ్లకు స్నానాల గది కూడా లేదు. ఆడవాళ్లను చేర్చుకునే చోటు దూరం, ఏడో నెల మనిషిని అంత దూరం పంపడానికి డాక్టరు ఒప్పుకోలేదు. గ్రాంటు కేంద్రానికి వెళుతుంది, సాయం తల్లి ఖాతాకు వస్తుంది, వైద్యం ఆసుపత్రిలో ఉంటుంది. మూడూ మూడు శాఖలవి, ఈ మూడింటినీ కలిపే పని ఇంట్లో చదువు వచ్చినవాళ్లెవరో చేయాలి. అలాంటివాళ్లు లేని ఇంట్లో ఏం జరుగుతుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అమెరికాలో సాంసా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, గర్భిణులూ బాలింతలూ తమ పిల్లలతో సహా ఉండి చికిత్స పొందే కేంద్రాలకు ప్రత్యేకంగా గ్రాంట్లు ఇస్తుందని, 2016లో వచ్చిన ఒక చట్టంతో ఇంటినుంచి వచ్చిపోయే చికిత్సకూ ఆ సాయం అందేలా దారి వేశారని, ప్రభుత్వ నిధులు తీసుకునే చోట గర్భిణికే ముందు చోటివ్వాలనే నిబంధన ఉందని తర్వాత చదివాను. బిడ్డతో పాటు తల్లికి ఒక మంచం వేయడం మనకు చేతకాని పనేమీ కాదు.

మాకు మిగిలిన దారి వారం వారం ఓపీకి వెళ్లడమే. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షల రోజుతో ఒక ఓపీని కలుపుకొనేవాళ్లం, మిగిలిన వారాలకు కూలి పోగొట్టుకొని బస్సు ఎక్కేవాళ్లం. వినాయక చవితి నాడు ఆమె మళ్లీ తాగింది. మరునాడు తనే నాకు చెప్పింది, డాక్టరుకు కూడా చెప్పింది. డాక్టరు కోప్పడకుండా, ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు, సీసా ఎక్కడినుంచి వచ్చిందని అడిగి, తర్వాతి వారం మా తమ్ముణ్ణి తీసుకురమ్మన్నారు. వాడు రెండు వారాలు తప్పించుకొని మూడో వారం వచ్చాడు. ఇంట్లో సీసా ఉండటం అప్పటితో ఆగింది.

అక్టోబరులో 3000 పడ్డాయి. పోస్టుమ్యాన్ ఇచ్చిన ఆరు ఐదువందల నోట్లను ఆమె రెండుసార్లు లెక్కపెట్టి, రెండు నోట్లు బస్సు ఖర్చులకు విడిగా కట్టి నాకిచ్చి, మిగిలినవి తన దగ్గరే ఉంచుకున్నది. మా అమ్మ వారం రోజులు ఆమె కొంగు ముడి వైపే చూస్తూ గడిపింది. ఆ డబ్బుతో గుడ్లు, పాత చీరల కింద వేసుకోవడానికి ఒక పరుపు వచ్చాయి.

నవంబరులో ఆడపిల్ల పుట్టింది. బరువు రెండు కిలోల నూరు గ్రాములు. ఆరు రోజులు నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో ఉంచి, తర్వాత గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోమని నేర్పారు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి వచ్చాం. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాల్సిన రోజులు 42వ రోజు దాకా ఉంటాయి. మాకు గండం నాలుగో వారంలో వచ్చింది. రాత్రులు పాలకు లేవడం, నిద్ర లేకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడంతో, ఒక్క గుక్క తాగితే పడుకుంటాననే ఆలోచన మళ్లీ తలెత్తింది. ఆ రాత్రి మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి మాట్లాడించాను. మరునాటి నుంచి రాత్రి ఒక పూట పిల్లను మా అమ్మ ఎత్తుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకుండా తనే ఎత్తుకుంది.

పద్నాలుగు వారాల టీకాలు పూర్తయిన తర్వాత మిగిలిన 2000 కూడా ఆమె ఖాతాలోనే పడ్డాయి. ఓపీకి ఇప్పుడు నెలకోసారి వెళుతున్నారు, ఇద్దరూ కలిసే వెళుతున్నారు. ఆ టీకా రోజున మా మరదలు ఏఎన్‌ఎంతో, ఇన్నాళ్లూ కార్డులో లేని మాట రాయమని చెప్పింది. మళ్లీ కాన్పు అంటూ వస్తే అప్పటి నర్సమ్మకు మొదటి రోజే తెలియాలట. ఏఎన్‌ఎం ఒక్క క్షణం ఆగి, ఎర్ర సిరాతో రాసింది: మద్యం అలవాటు, చికిత్సలో ఉన్నది.