నిట్స్‌హిల్ స్టేషన్ క్లర్కు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు బడి గురించి రాయమంటే మాస్టార్లు, ర్యాంకులు, ఆగస్టు పదిహేను పరేడ్లు అందరూ రాస్తారు. నేను ఒక స్కాట్లాండ్ కుర్రాడి గురించి రాస్తాను. మన బడి గడప తొక్కినవాడు కాదు. అయినా కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకి అతను మనవాడే అనిపిస్తాడు.

పేరు జాన్ మీకిల్. 1898 సెప్టెంబరు 11న గ్లాస్గో దగ్గర కిర్కింటిలాక్‌లో పుట్టాడు. తర్వాత వాళ్ల కుటుంబం నిట్స్‌హిల్‌కు మారింది. అక్కడి లెవర్న్ స్కూల్లో చదువుకుని, అదే ఊరి స్టేషన్లో క్లర్కుగా చేరాడు. ఆ ఉద్యోగం ఎలాంటిదో మనకు తెలుసు. మా నాన్న బుకింగ్ క్లర్కు. అట్ట టికెట్టును మిషన్లో దూర్చి తేదీ కొడితే టక్కుమనే చప్పుడు నాకింకా చెవిలో ఉంది. ఆ టికెట్టు పద్ధతి ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లండ్ స్టేషన్ మాస్టరు కనిపెట్టింది. మీకిల్ కాలంలో బ్రిటన్ స్టేషన్లలోనూ అదే నడిచేది. అందుకేనేమో, ఆ కుర్రాణ్ని తలుచుకుంటే కౌంటరు కిటికీ వెనకాలే కనిపిస్తాడు.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915 ఫిబ్రవరి 8న అతను బ్రిటిష్ సైన్యంలోని స్కాట్లాండ్ రెజిమెంటు సీఫోర్త్ హైలాండర్స్ 4వ బెటాలియన్లో చేరిపోయాడు. అప్పటికి 16 ఏళ్లు. చేరాలంటే 18 నిండాలి, విదేశీ యుద్ధరంగానికి పంపాలంటే 19 నిండాలి, ఇదీ అప్పటి రూలు. ఎంతోమంది పిల్లలు వయసు ఎక్కువ చెప్పి చేరారు, సైన్యం చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. 16 ఏళ్లంటే మనం పదో తరగతి మార్కుల మెమో కోసం ఆఫీసు రూమ్ ముందు నిలబడిన వయసు.

1917లో బెల్జియంలోని ఈప్ర్ పోరాటంలో అతనికి మిలిటరీ మెడల్ అనే శౌర్య పతకం వచ్చింది. 19 ఏళ్లకే సార్జెంటు.

1918 జులై 20. ఫ్రాన్స్‌లో మార్న్ రెండో యుద్ధం. మార్ఫో ఊరి దగ్గర మెషిన్‌గన్ల కాల్పులకు అతని కంపెనీ ముందుకు కదల్లేకపోయింది. మీకిల్ ఒంటరిగా ఆ గన్ల మీదికి పరిగెత్తాడు. రివాల్వర్లో ఉన్న గుళ్లన్నీ పేల్చేశాడు. గుళ్లు అయిపోయాక చేతిలో ఉన్న బరువైన కర్రతోనే మిగిలినవాళ్లను పడగొట్టాడు. లేచి నిలబడి, రండని తనవాళ్లకు చెయ్యి ఊపాడు. కాసేపటికే ఇంకో మెషిన్‌గన్ అడ్డు తగిలింది. అప్పటికే అతని ప్లాటూన్లో చాలామంది పడిపోయారు. పడిపోయిన ఒక సైనికుడి బాయ్‌నెట్ తుపాకీ అందుకుని మళ్లీ దూకాడు. దాదాపు ఆ గన్ దాకా వెళ్లి ప్రాణం విడిచాడు. వెనకే వచ్చిన ఇద్దరు ఆ గన్ నోరు మూయించారు.

అతనికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇస్తున్నట్టు ప్రకటన సెప్టెంబరు 16న వెలువడింది. బతికుంటే ఐదు రోజుల ముందే అతనికి 20 నిండేవి. ఇంకో రెండు నెలలకు యుద్ధమే అయిపోయింది. సమాధి మార్ఫోలోనే ఉంది.

నిట్స్‌హిల్ స్టేషన్లో పెట్టిన అతని స్మారకాన్ని 1971లో ఉత్తరాన ఉన్న డింగ్‌వాల్ స్టేషన్ దగ్గరికి తరలించారు. అతని బెటాలియన్ కేంద్రం ఆ ఊరే. ఉద్యోగరీత్యా నేనుండే ఇన్వర్‌నెస్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం. మన కాజీపేటలాగే అదీ జంక్షనే. అక్కడినుంచి ఒక లైను పడమటి తీరానికి, ఇంకోటి ఉత్తరం కొసకి విడిపోతాయి. ఊరి మ్యూజియంలో అతని పతకం చూడొచ్చు. ఆ యుద్ధంలో చనిపోయిన బ్రిటన్ రైల్వే ఉద్యోగులు దాదాపు 20 వేలమంది. వాళ్లలో క్లర్కులు, పోర్టర్లు, ఫైర్‌మన్లు అందరూ ఉన్నారు. అక్కడి పెద్ద స్టేషన్లలో వాళ్ల పేర్ల పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మన సంచికల్లో ఇంజినీర్లు, డాక్టర్లు, అమెరికా వెళ్లినవాళ్ల ఫోటోలు వస్తాయి, రావాలి కూడా. కానీ పదో తరగతితో ఆపేసి లోకో షెడ్‌లో ఖలాసీగా, ట్రాక్ మీద గ్యాంగ్‌మన్‌గా చేరిన అన్నలు, ఆర్మీ ర్యాలీకి వెళ్లి జవాన్లయిన అన్నలు మన బడి పిల్లలు కారా? వాళ్ల పేర్లు ఎక్కడా అచ్చు కాలేదు. వచ్చే సంచికలో వాళ్లకోసం కొన్ని పేజీలు ఉంచమని సంపాదకులను కోరుతున్నాను. మా బ్యాచ్ పేర్లు నేను రాసి పంపిస్తాను. పాత బ్యాచ్‌ల సంగతి క్వార్టర్స్‌లో మిగిలిన పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది, వాళ్లు ఉండగానే అడగాలి. ఆ పేజీల అచ్చు ఖర్చు నాది.