ఇంత బలం ఎందుకు పెడుతున్నారు?

"ఇంత బలం ఎందుకు పెడుతున్నారు? పెట్టమని ఎవరు చెప్పారు మీకు?"

కోపంగా కాదు గానీ కాస్త విసుగ్గానే అడిగింది ఆవిడ. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్ట్, అంటే పొత్తికడుపు అడుగున ఉండే కండరాలకు కసరత్తు నేర్పే మనిషి. నాకంటే బాగా పెద్దావిడ. నేను ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. ఎదురుగా తెర మీద ఒక గీత. నేను ముక్కినప్పుడు అది కిందికి దిగాలి. దిగడం లేదు సరికదా, ముక్కిన ప్రతిసారీ పైకి లేస్తోంది.

ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండింది. నాది గోదాములో సరుకులు ఎత్తి దించే పని. దేశం కాని దేశంలో నిలదొక్కుకున్నదే ఒళ్లు వంచి. నెమ్మదిగా చేస్తున్నావని అన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎక్కువ కష్టపడుతున్నావని మందలించిన మనిషి మాత్రం ఈవిడే మొదలు. మలబద్ధకంతో వచ్చినవాడు ముక్కక ఏం చేస్తాడమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఇక్కడి భాషలో ఎలా అనాలో తెలియక ఊరుకున్నాను.

అసలు అక్కడిదాకా ఎలా వెళ్లానో చెప్తాను. మా గోదాములో చేతికి స్కానర్ ఇస్తారు. కాసేపు ఏదీ స్కాన్ చేయకపోతే ఆ నిమిషాలు ఖాళీ సమయం కింద పడిపోతాయి. వారం చివర టీమ్ లీడ్ ఆ కాగితం పట్టుకుని వస్తాడు. పొద్దున్న తిన్న తర్వాత పెద్దపేగు దానంతటదే కదులుతుంది, శరీరం తయారు చేసుకున్న టైము అది. సరిగ్గా అప్పుడే మాకు షిఫ్టులో మొదటి లారీలు దిగుతుంటాయి. వచ్చినప్పుడు బిగబట్టుకోవడం, తీరిక దొరికినప్పుడు రాకపోవడం, రానిదాన్ని బలవంతాన ముక్కడం. ఇలా ఏళ్లు గడిచాయి. అందరికీ ఇదే కారణమని చెప్పను. కొందరికి కాన్పు తర్వాత మొదలవుతుంది, కొందరికి నడుముకు దెబ్బ తగిలాక, కొందరికి కారణమే దొరకదు.

ఇక్కడున్న మనవాళ్లలో కొందరికి ఒక అలవాటుంది. మన దగ్గర ఇలాంటివి మాట్లాడరు, అందుకే జబ్బులు ముదురుతాయి అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. మన ఇళ్లలో మాట్లాడినంతగా ఎక్కడ మాట్లాడతారు? అమ్మ ఫోన్ చేస్తే క్షేమసమాచారాల్లో మూడో ప్రశ్న, "మోషన్ సాఫీగా అవుతోందా నాన్నా?" ఇక్కడ నా పక్కన ఇన్నేళ్లు పనిచేసినవాడికి నా జీతం తెలుసు, అప్పు తెలుసు, ఈ సంగతి తెలియదు. మాట్లాడకపోవడం ఎవరి సొత్తో మీరే చెప్పండి.

కాకపోతే అయిందా లేదా అనేదే మన ప్రశ్న. ఎలా వెళ్తున్నావు, ఎంతసేపు ముక్కుతున్నావు, ఇంకా లోపలే ఉండిపోయినట్టు ఉంటోందా అని ఎవరూ అడగలేదు. ఇక్కడి డాక్టర్లు కూడా మొదట్లో అంతే. పీచు తిను, నీళ్లు తాగు, ఈ పౌడర్ కలుపుకో. పౌడర్‌తో మలం మెత్తబడింది. మెత్తబడినా బయటికి రాలేదు. అప్పుడు మరీ టెన్షన్ పట్టుకుంది, లోపల ఇంకేదైనా ఉందేమోనని.

ఆఖరికి ఒక కుర్ర డాక్టర్ గ్లౌజు వేసుకుని వేలితో పరీక్ష చేశాడు. "టాయిలెట్‌లో ముక్కినట్టు ముక్కండి" అన్నాడు. ముక్కాను. వేలు తీసి, మీ సమస్య పేగుది కాకపోవచ్చు, కింది కండరాలది అన్నాడు. ఆ ఒక్క నిమిషం పరీక్ష అంతకు ముందు ఎవరూ చేయలేదు.

తర్వాత అసలు పరీక్షలు. మానోమెట్రీ అంటే ఒత్తిడి కొలిచే సెన్సర్లున్న సన్నటి గొట్టం లోపల పెట్టి, బిగించమని, వదలమని, ముక్కమని చెప్తారు. రెండోది బెలూన్ పరీక్ష. చిన్న బెలూన్ లోపల పెట్టి 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపుతారు. తలుపు వేసుకుని కమోడ్ మీద కూర్చుని దాన్ని బయటికి తోయాలి. కండరాలు సరిగ్గా పనిచేసేవాళ్లకు ఒక నిమిషం చాలు. బయట నర్సు గడియారం చూస్తోంది, లోపల నాకు చెమటలు పడుతున్నాయి, బెలూన్ ఉన్నచోటే ఉంది. పాతిక కిలోల పెట్టెలు ఎత్తేవాణ్ణి, గుక్కెడు నీళ్ల బెలూన్‌ని కదపలేకపోయాను.

లోపల జరిగేది ఇది. పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం, దాని చుట్టూ ప్యూబోరెక్టాలిస్ అని ఒక కండరం ఉంటుంది. మామూలుగా అది పురీషనాళాన్ని ముందుకు లాగి ఒక వంపు తెచ్చి పెడుతుంది. మనం రోజంతా ఆపుకోగలిగేది దానివల్లే. మలవిసర్జన సమయంలో ఆ కండరం, మలద్వారం చుట్టూ ఉండే కండరం రెండూ వదులై, వంపు తిన్నగా కావాలి. పై నుంచి పొట్ట తోయాలి. నాలాంటివాళ్లలో పొట్ట తోసేసరికి ఆ రెండూ బిగుసుకుంటాయి. ఒక చేత్తో తలుపు తోస్తూ రెండో చేత్తో గడియ వేసుకోవడం అన్నమాట. ఎంత తోస్తే అంత గట్టిగా పడుతుంది గడియ. ఆవిడ విసుక్కున్నది దీనికే. దీర్ఘకాలంగా మలబద్ధకంతో పెద్దాసుపత్రులకు వెళ్లేవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఈ ఇబ్బంది ఉంటుందట.

ఇది మందుతో పోదు. కండరానికి కొత్తగా నేర్పాలి. నేర్పడానికి చిక్కేమిటంటే, అది బిగుసుకుంటోందో వదులవుతోందో మనకే తెలియదు. బయోఫీడ్‌బ్యాక్ ఉన్నది అందుకు. తెలియనిదాన్ని కళ్లకు చూపిస్తుంది. తెర మీద ఒక గీత పొట్ట తోసే ఒత్తిడి, ఇంకోటి మలద్వారం ఒత్తిడి. మొదటిది పెరగాలి, రెండోది తగ్గాలి, రెండూ ఒకేసారి.

"ముందు ఊపిరి. ఛాతీతో కాదు, పొట్టతో. ముక్కడం మర్చిపోండి" అంది. "దవడ ఎందుకు బిగించారు? పళ్లు వదలండి." దవడకీ దీనికీ ఏం సంబంధమో అనుకుంటూనే వదిలాను. "ఇప్పుడు నడుం చుట్టూ బెల్టు బిగుతయ్యేలా పొట్ట వెడల్పు చేయండి. పదిలో అయిదు వంతుల బలం, అంతకు మించి వద్దు." గీత మొదటిసారి కిందికి జారింది. నిజం చెప్పాలంటే ఒంట్లో నాకేమీ తేడా తెలియలేదు. తెర చూపించకపోతే ఆ క్షణం జరిగినట్టే తెలిసేది కాదు. "అదీ! ఇప్పుడేం చేశారో అదే మళ్లీ చేయండి" అందావిడ. ఏం చేశానో తెలిస్తే కదా.

అలా తడుముకుంటూ నేర్చుకునేదే ఇదంతా. మామూలుగా వారానికో రెండు వారాలకో ఒకటి చొప్పున నాలుగు నుంచి ఆరు సెషన్లు పడతాయి. తర్వాత తెరను పక్కకు తిప్పేసి, చూడకుండా చేయమంటారు. లోపలి స్పర్శ మందగించినవాళ్లకు బెలూన్ కొద్దికొద్దిగా నింపుతూ, ఎప్పుడు తెలిసిందో చెప్పమని ఆ స్పర్శనూ తిరిగి తెప్పిస్తారు. 2006లో ఇటలీ పరిశోధకులు ఇలాంటి రోగులనే రెండు గుంపులు చేసి పోల్చారు. ఆరు నెలలకు బయోఫీడ్‌బ్యాక్ తీసుకున్నవాళ్లలో 80 శాతం మందికి బాగా గుణం కనిపిస్తే, పౌడర్ తాగినవాళ్లలో 22 శాతానికే కనిపించింది.

ఇంటిదగ్గర చేయమన్నవి మాత్రం తేలికే. తిన్న అరగంటలోపు వెళ్లడం, కాళ్ల కింద పీట వేసుకుని మోకాళ్లు నడుం కంటే ఎత్తులో ఉండేలా ముందుకు వంగి కూర్చోవడం, అయిదు నిమిషాల్లో వచ్చినా రాకపోయినా లేచిపోవడం. పీట సంగతి చెప్తూ ఆవిడ బొమ్మ గీసి మరీ చూపించింది. నాకు నవ్వొచ్చింది. మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చోవడం మనకు ఒకరు నేర్పాలా? ఈ సంగతిలో మాత్రం మనమే వాళ్లకు గురువులం, ఎవరేమన్నా సరే.

పనిలో ఆసుపత్రి ఉత్తరం ఇచ్చాను. టీమ్ లీడ్ మొదటి రెండు లైన్లు చదివి, చెవులు ఎర్రబడి, మిగతాది చదవకుండానే సంతకం పెట్టేశాడు. పొద్దున్న పదిహేను నిమిషాల బ్రేక్ వచ్చింది. అడిగితే ఇస్తారన్నమాట. అడగడానికి ముందు నాలాగ పాడవ్వాలన్నమాట. ఈ రెండింటిలో దేన్ని మెచ్చుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.

మా రూమ్‌లో ఉండే కుర్రాడు ఇదంతా విని, "అన్నా, నన్నూ అక్కడికి పంపించు" అన్నాడు. వాడికి పరీక్షలో కండరాలు బాగానే ఉన్నాయి, పేగు కదలికే నెమ్మదిగా ఉంది. దానికి ఈ చికిత్స పనిచేయదు, మందులే సర్దారు. అందుకే ముందు పరీక్ష అడగండి. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలవిసర్జన అలవాటు ఉన్నట్టుండి మారినా, ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి.

అమ్మకు ఫోన్‌లో అంతా వివరంగా చెప్పాను, గీతలు, బెలూన్, దవడతో సహా. శ్రద్ధగా వింది.

"మరి పౌడర్ మానేశావా?"

"తగ్గించారమ్మా. మెల్లగా ఆపుదామన్నారు."

"ఆవిడ చెప్పేదాకా నీ అంతట నువ్వు మానకు. నీకన్నిటికీ తొందరే."