మోకాలి చిప్ప కింద అరిగింది సరే, ఏ పక్కన అరిగింది?

మోకాలి లోపలి వైపు, అంటే రెండో కాలి వైపు, ఎముకకు ఎముక తగిలేంతగా అరిగిపోయింది, మిగతా మోకాలు బాగానే ఉంది, అరిగిన భాగాన్ని మాత్రమే మార్చే పాక్షిక మార్పిడి చాలనుకున్నారు. అంతలో రిపోర్టులో ఒక వాక్యం కనిపిస్తుంది: "చిప్ప కింద కూడా అరుగుదల ఉంది." దాంతో పూర్తి మోకాలి మార్పిడే దారి అంటారు. ఈ తీర్పు కొన్ని మోకాళ్లకు సరైనదే. చాలా మోకాళ్లకు మాత్రం తొందరపాటు. చిప్ప కింద అరుగుదల ఉందా లేదా అన్నదాని కంటే, అది ఏ ముఖం మీద ఉంది, ఎముక గాడి పడిందా, చిప్ప పక్కకు జరిగిందా అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

మోకాలిలో మూడు గదులుంటాయి: తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య లోపలి గది, బయటి గది, ముందు వైపు చిప్పకూ తొడ ఎముక గాడికీ మధ్య మూడోది. చిప్ప వెనక భాగంలో ప్రధానంగా లోపలి ముఖం, బయటి ముఖం అని రెండు ఏటవాలు తలాలు ఉంటాయి. ఇక్కడి మృదులాస్థి (ఎముకను కప్పే నున్నని పొర) శరీరం మొత్తంలోకీ మందమైనది, కొన్నిచోట్ల 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంత మందం ఎందుకో దాని మీద పడే బరువు చూస్తే అర్థమవుతుంది. చదును నేల మీద నడిస్తే శరీర బరువులో దాదాపు సగం, మెట్ల మీద 3 రెట్లకు పైగా, గొంతుక్కూర్చుంటే 7 రెట్ల దాకా. అందుకే చిప్ప సమస్య నడకలో కంటే మెట్ల దగ్గరే ముందు బయటపడుతుంది, అందులోనూ దిగేటప్పుడు.

ఇక పాత నిబంధన సంగతి. 1989లో కోజిన్, స్కాట్ అనే సర్జన్లు పాక్షిక మార్పిడి ఎవరికి చేయవచ్చో ఒక జాబితా ఇచ్చారు: వయసు 60 దాటాలి, బరువు 82 కిలోల లోపు ఉండాలి, బరువు పనులు చేయకూడదు, చిప్ప కింద ఎముక బయటపడి ఉండకూడదు. అప్పటికి అది జాగ్రత్తగా రాసిన జాబితాయే. తర్వాత ఆక్స్‌ఫర్డ్ సర్జన్ల బృందం కదిలే ప్లాస్టిక్ బేరింగ్ ఉన్న తమ ఇంప్లాంట్ (కృత్రిమ భాగం) విషయంలో చిప్ప అరుగుదలను చాలా వరకు పక్కన పెట్టి ఆపరేషన్లు చేసింది, ఫలితాలను ఏళ్ల తరబడి గమనించింది. లోపలి ముఖం మీద మృదులాస్థి పూర్తిగా పోయినవాళ్లకూ, చిప్ప బాగున్నవాళ్లకూ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బయటి ముఖం పూర్తిగా అరిగినవాళ్లలో మాత్రం మెట్లు దిగడంలో కొంత ఇబ్బంది కనిపించింది. బయటి ముఖంలో ఎముక కూడా అరిగి గాడి పడితే, లేదా చిప్ప బయటికి జరిగి ఉంటే, వాళ్లూ పాక్షిక మార్పిడి వద్దనే అంటారు.

లోపలి ముఖం అరుగుదలకు ఇంత క్షమాభిక్ష ఎందుకు? లోపలి గది అరిగితే కాలు దొడ్డికాలు అవుతుంది. తొడ కండరాలు లాగే దిశ లోపలికి మళ్లి, చిప్ప లోపలి ముఖం గాడి అంచుకు రాసుకుంటుంది. పాక్షిక మార్పిడితో పోయిన మందం తిరిగి వచ్చాక కాలు దాదాపు నిటారు అవుతుంది, లాగుడు మళ్లీ మధ్యకు వస్తుంది, అరిగిన ముఖం మీద ఒత్తిడి తగ్గుతుంది. అంటే చిప్పను ముట్టుకోకుండానే దానికి కొంత వైద్యం జరిగినట్టే. బయటి ముఖం విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. కాలు నిటారు అయ్యాక బరువు కొంత బయటికి జరుగుతుంది, అప్పటికే పాడైన బయటి ముఖమే దాన్ని మోయాలి. ఆపరేషన్‌కు ముందు ఓర్చుకోగలిగిన నొప్పి తర్వాత పెరిగిందని కొందరు చెప్పడానికి ఇదొక కారణం.

దీన్ని ఎక్స్‌రేలోనే చాలా వరకు పట్టుకోవచ్చు, కాకపోతే సరైన ఎక్స్‌రేలు తీయాలి. నిలబడి ముందు నుంచి ఒకటి, మోకాలు సుమారు 45 డిగ్రీలు వంచి నిలబడి వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, బయటి గది మృదులాస్థి నిలిచి ఉందో చూడటానికి కాలిని బయటికి నెట్టి పట్టుకుని తీసే స్ట్రెస్ వ్యూ ఒకటి, వీటితో పాటు స్కైలైన్ వ్యూ. ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరిదే. మోకాలు వంచి, చిప్పకూ గాడికీ మధ్య సందు కనిపించేలా కిరణాన్ని పంపుతారు. అందులో చూడాల్సినవి మూడు: బయటి వైపు సందు పూర్తిగా మూసుకుపోయిందా, బయటి ముఖం ఎముక చదునై గాడిలా లోపలికి తినేసినట్టు ఉందా, చిప్ప గాడి మధ్యలో కూర్చుందా లేక బయటికి వాలి జరిగిందా. మూడూ లేకపోతే చిప్ప పేరు చెప్పి పాక్షిక మార్పిడిని తోసిపుచ్చడానికి నాకు బలమైన కారణం కనిపించదు.

ఎంఆర్ఐ రిపోర్టుతో ఒక చిక్కుంది. చిప్ప మృదులాస్థిలో చిన్న చీలికనూ అది గ్రేడుతో సహా రాస్తుంది. అవుటర్‌బ్రిడ్జ్ అనే సర్జన్ 1961లో ఇచ్చిన వర్గీకరణలో గ్రేడ్ 1 అంటే మెత్తబడటం, గ్రేడ్ 4 అంటే ఎముక బయటపడటం. గ్రేడ్ 2, 3 అని కనిపించగానే భయపడేవాళ్లు ఎక్కువ, కానీ ఈ ఆపరేషన్ చేయించుకునే వయసు మోకాళ్లలో అవి సాధారణం. గ్రేడ్ అంకె కంటే, ఆ మచ్చ ఏ ముఖం మీద ఉందో రిపోర్టులో వెతకండి.

ముందు వైపు నొప్పి ఉందంటే చిప్పే దోషి అనుకోవడం కూడా పొరపాటే. లోపలి గది అరిగిన మోకాళ్లలో చాలామంది నొప్పి ఎక్కడంటే ముందు వైపే చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ నొప్పి లోపలి గదిదే కావచ్చు, గది మార్చాక తగ్గిపోవచ్చు. అందుకే ముందు నొప్పి ఒక్కటే అడ్డంకి కాదు. అదే నొప్పి కుర్చీలోంచి లేచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మాత్రమే వస్తూ, చిప్ప బయటి అంచు నొక్కితే నొప్పి పుడుతూ, స్కైలైన్‌లో బయటి వైపు మూసుకుపోయి ఉంటే మూడో గదిని సీరియస్‌గా తీసుకోవాలి.

మరో మాట, ఇది చిప్ప కంటే ముఖ్యం అనుకుంటాను. పాక్షిక మార్పిడి బాగా ఫలించేది లోపలి గదిలో ఎముకకు ఎముక తగులుతున్నప్పుడు, ముందు వైపు క్రూసియేట్ లిగమెంట్ (మోకాలి మధ్యలో ఎముకలను పట్టి ఉంచే పట్టీ) పని చేస్తున్నప్పుడు, బయటి గది మృదులాస్థి పూర్తి మందంతో ఉన్నప్పుడు. లోపలి గదిలో సగమే అరిగిన దశలో చేసిన వాళ్లలో ఫలితాలు అంత బాగా రావు, నొప్పి పూర్తిగా పోదు. ఆ తర్వాత అందరూ చిప్పను తిడతారు.

ఆపరేషన్ టేబుల్ మీద చిప్పను కాపాడేది, పాడుచేసేది తొడ ఎముకకు బిగించే లోహపు ముక్క ముందు అంచే. అది చుట్టూ ఉన్న మృదులాస్థి కంటే పైకి లేచి ఉన్నా, గాడి వైపు మరీ ముందుకు వచ్చినా, మోకాలు వంచినప్పుడు చిప్ప ఆ లోహపు అంచుకు తగులుతుంది. అరుగుదల లేని చిప్ప కూడా అలా అరుగుతుంది. అందుకే ఆ అంచు మృదులాస్థి తలం కంటే 1 నుంచి 2 మిల్లీమీటర్లు లోపలికి దిగి ఉండాలి. చిప్ప చుట్టూ, గాడి అంచున పెరిగిన ఎముక ముక్కలను తీసేస్తారు. బయటి అంచున పెద్దది ఉంటే బయటి ముఖంలోనే కొంత భాగాన్ని కోసేసే పద్ధతీ ఉంది. అమరిక విషయంలో కాలిని పూర్తిగా నిటారుకు మించి బయటికి తిప్పేయకూడదు. బయటి గదికీ, చిప్ప బయటి ముఖానికీ అది రెండు విధాల నష్టం. కొద్దిపాటి దొడ్డికాలు మిగలడమే మేలు.

ఆపరేషన్ తర్వాత మోకాలి ముందు నొప్పి వస్తే దానికి పేర్లు చాలా ఉంటాయి. కోత బయటి పక్కన చర్మం మొద్దుబారడం మామూలే, ఎందుకంటే చిన్న చర్మపు నరం ఒకటి కోతలో తెగుతుంది. మోకాళ్ల మీద కూర్చోవడం ఇబ్బందిగా ఉండటానికి అదీ ఒక కారణం. కింది ఎముక లోపలి వైపు పైభాగంలో నొప్పి ఉంటే, ఎముక కొత్త బరువుకు అలవాటు పడుతోంది, అది తగ్గడానికి 6 నుంచి 12 నెలలు పట్టవచ్చు. వదులైన ఇంప్లాంట్ ముక్క, ఇన్ఫెక్షన్, బయటి గది అరగడం అన్నీ తేల్చుకున్నాకే చిప్పను నిందించాలి. కారణం తేలని నొప్పికి పూర్తి మార్పిడి చేసేస్తే ఫలితం తరచూ నిరాశే. పాక్షిక మార్పిడి మళ్లీ ఆపరేషన్‌కు వెళ్లే రేటు, ఈ ఆపరేషన్లను నమోదు చేసే రిజిస్ట్రీల్లో పూర్తి మార్పిడి కంటే ఎక్కువగా ఉండటానికి, దాన్ని తేలికగా పూర్తి మార్పిడిగా మార్చగలమన్న ధీమా కూడా ఒక కారణం.

తొడ ముందు కండరాలు బలంగా ఉంటే చిప్ప తలం మీద ఒత్తిడి బాగా పంచబడుతుంది. నిలబడి చేసే వ్యాయామాల్లో మోకాలు 0 నుంచి 45 డిగ్రీల మధ్య వంచడం చిప్పకు సురక్షితం. కుర్చీలో కూర్చుని బరువు కట్టి కాలు చాచేటప్పుడు ఇది తిరగబడుతుంది: 90 నుంచి 45 డిగ్రీల మధ్య పర్వాలేదు, చివరి 45 డిగ్రీల్లో తాకే తలం చిన్నది కాబట్టి బరువు అక్కడే గుచ్చుకుంటుంది. మెట్లు దిగే సాధన 10 సెంటీమీటర్ల పీటతో మొదలుపెట్టి, నొప్పి లేకుండా 10 సార్లు చేయగలిగాక ఎత్తు పెంచండి.

బయటి ముఖం నిజంగా పోయినవాళ్లకు మిగిలే దారులు రెండు. ఒకటి పూర్తి మార్పిడి. రెండోది లోపలి గదికొకటి, చిప్ప గదికొకటి వేర్వేరుగా రెండు ఇంప్లాంట్లు పెట్టడం. ఇందులో లిగమెంట్లు మిగులుతాయి, కానీ అమరిక కష్టం, చేసి అలవాటున్న సర్జన్లు తక్కువ. సర్జన్ పాక్షిక మార్పిడులు తరచూ చేసేవారు కాకపోతే, ఈ రెండో దారి అడగకపోవడమే మంచిది.