స్క్రూ తిప్పే ముందు ప్లగ్ చూడండి

కోనసీమ నుంచి వచ్చి కువైట్ మజ్రాల్లో (తోటల్లో) గడ్డి మిషన్, బ్లోయర్ పట్టే మనోళ్ళకి ఒక మాట. ఇక్కడ మిషన్ మొరాయించిందంటే ముందు దుమ్మును అనుమానించాలి. సెలవుకెళ్ళాక ఇంటి దగ్గర మొరాయిస్తే పెట్రోలుని. మనం మాత్రం రెండుచోట్లా తిన్నగా కార్బురేటర్ స్క్రూ మీదకే వెళ్తాం.

అసలు స్టార్టే కాకపోతే స్పార్క్ ప్లగ్ ఊడదీయండి. తడిగా ఉందంటే పెట్రోలు అందుతోంది, ఎక్కువైనా అయ్యుండాలి, స్పార్క్ అయినా లేకపోవాలి. స్విచ్ ఆపి, చోక్ తీసేసి, ప్లగ్ లేకుండానే ఐదారుసార్లు తాడు లాగితే లోపలిది బయటికి పోతుంది. ప్లగ్ కొసల మధ్య గ్యాప్ 0.6, 0.7 మి.మీ. మధ్య ఉంచి, వీలైతే కొత్త ప్లగ్ వేసి చూడండి. పొడిగా ఉంటే ట్యాంకులో గొట్టం చివరుండే ఫిల్టర్ పూడిందేమో చూడాలి.

స్టార్టయి, రేస్ ఇవ్వగానే చచ్చిపోయేది అసలు తలనొప్పి. ట్యాంకు మూత కాస్త వదులు చేయండి. అప్పుడు బాగా నడిస్తే ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి మూసుకుపోయినట్టే. సగం చోక్ మీదే నడుస్తుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. ఆ స్థితిలో హెచ్ స్క్రూ (రేస్‌లో పెట్రోలు ఎంత వెళ్ళాలో చూసే కార్బురేటర్ స్క్రూ) ఇంకా బిగించారా, పిస్టన్ పట్టేస్తుంది. చాలామంది మర్చిపోయేది సైలెన్సర్‌లోని చిన్న జాలీ. మసితో పూడిపోయిందంటే కార్బురేటర్ ఎన్నిసార్లు విప్పినా ప్రయోజనం ఉండదు. విప్పి వైరు బ్రష్‌తో రుద్దండి.

ఇసుకగాలి రోజుల్లో ఫోమ్ ఫిల్టర్‌ని రోజూ సబ్బునీళ్ళలో కడిగి, ఆరబెట్టి, నాలుగు చుక్కల నూనె వేసి పిండాలి. పేపర్ ఫిల్టర్ కడగొద్దు, దులపండి. ఫిల్టర్ దాటిన ఇసుక సిలిండర్‌ని గీసేస్తుంది. తెలుసుకోవాలంటే స్విచ్ ఆపి, బ్లోయర్‌ని తాడు పిడి పట్టుకుని కొంచెం పైకెత్తండి. ఆగి ఆగి దిగితే కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) ఉంది. సర్రున జారిపోయిందా, పిస్టన్ రింగులు పోయాయి, స్క్రూలు తిప్పడం దండగ.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ పగలు 11 నుంచి 4 వరకు బయట పని నిషేధం కదా, ఆ వేళ మిషన్‌ని పికప్ వెనక ఎండలో పడేయకండి. ట్యాంకులో ఆవిరి కమ్ముతుంది, తర్వాత మూత తిప్పగానే పెట్రోలు ముఖం మీదకి చిమ్ముతుంది. చల్లారాక నెమ్మదిగా తిప్పాలి.

ఇంటి దగ్గర కథ వేరు. మనూళ్ళో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. గోదావరి లంకల తేమకి ఆ ఇథనాల్ నీళ్ళు పీల్చుకుని ట్యాంకు అడుగున పేరుకుంటుంది. ఆ పొరలో పెట్రోల్లో కలిపిన ఆయిల్ ఉండదు, గొట్టం మాత్రం అడుగు నుంచే లాగుతుంది. కార్బురేటర్ డయాఫ్రమ్ (లోపలి పల్చటి రబ్బరు పొర) కూడా గట్టిపడుతుంది. వేలితో వంచితే అట్టముక్కలా ఉందంటే మార్చేయాల్సిందే.

లీటరు పెట్రోలుకి 20 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) అంటే 50:1, 40 మి.లీ. అంటే 25:1. ఏది కలపాలో మిషన్ మూత మీదో పుస్తకంలోనో ఉంటుంది. నెల దాటిన మిశ్రమం వాడొద్దు. విమానం ఎక్కేముందు ట్యాంకు ఒంపేసి, దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టండి.