మూడో గేరు గోల

పడుకుందామని లైటు తీశాను కానీ చెవిలోంచి ఆ టిక్ పోదే! గేర్‌బాక్స్ ఇంకా బల్ల మీదే ఉంది. న్యూట్రల్‌లో ఉంచి ఇన్‌పుట్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పుతుంటే అంతా మెత్తగా తిరిగి, ఒక్కచోట మాత్రం టిక్‌మంటోంది. పెద్ద చప్పుడేం కాదు, గాజు గ్లాసుని గోటితో మీటినంత. మా ఆయనకైతే అసలు వినపడనే లేదట.

తమ్ముడికి ఫోన్లో వినిపించాను. "మూడు బండ్ల సామాన్లు కలిపి బిగించావక్కా, ఆ మాత్రం చప్పుడు రాదా? రోడ్డెక్కితే అదే సర్దుకుంటుందిలే" అన్నాడు. ఈ 'సర్దుకుంటుందిలే' వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇనుము సర్దుకోదు, అరుగుతుంది. ఆ అరిగిన పొడి నూనెలో కలిసి బేరింగుల్లోకి పోయి వాటినీ తినేస్తుంది. ఇదంతా చెప్దామనుకునేలోపే వాడు ఇంకేదో కబుర్లోకి వెళ్లిపోయాడు.

వాడి అనుమానం పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు. కేసింగ్ మన బండిదే. ఇన్‌పుట్ షాఫ్ట్ తిప్పే పక్క షాఫ్టుని లేషాఫ్ట్ అంటారు, దాని మీది గేర్ల సెట్టు తర్వాతి మోడల్‌ది, మూడో గేరేమో ఇంకో బాక్సులోంచి వచ్చింది. గేరు పళ్లు ఏళ్ల తరబడి ఏ జతతో తిరిగితే ఆ జతకి తగ్గట్టే అరుగుతాయి. కొత్త జతతో కలిపితే మోత పెడతాయి. నిద్ర ఎలాగూ పట్టేలా లేదని లేచి పళ్లు లెక్కపెట్టాను. మూడో గేరుకి 27, దాన్ని తిప్పే లేషాఫ్ట్ గేరుకి 22. అమ్మయ్య అనిపించింది. రెండింటినీ నిశ్శేషంగా భాగించే అంకె ఒకటి తప్ప లేదు కాబట్టి ఇటు ప్రతి పన్నూ అటు ప్రతి పన్నునీ వంతులవారీగా కలుస్తుంది. అవే రెండు పళ్లు మళ్లీ ఎదురుపడాలంటే లేషాఫ్ట్ 27 చుట్లు తిరగాలి. అలాంటప్పుడు అరుగుదల అందరికీ సమానం. అదే 28, 21 అయ్యుంటే చిన్న గేరులో ఒక్కో పన్నుకీ ఎప్పటికీ ఆ నాలుగు పళ్లతోనే కాపురం. అటువంటి గేరుని విడదీసి ఇంకోదానికి కట్టబెడితే తమ్ముడు చెప్పిందే నిజమయ్యేది.

తర్వాత లేషాఫ్ట్ మీదా, మూడో గేరు మీదా సుద్దముక్కతో గీత పెట్టి తిప్పాను. టిక్ సరిగ్గా లేషాఫ్ట్ చుట్టుకొకసారి వస్తోంది. జత కుదరని గొడవైతే ఇంత కచ్చితంగా ఒకే చోట పలకదు. ఒక పన్ను అంచున లోహం కొంచెం పైకి లేచి గోటికి తగిలింది, ఎప్పుడో ఎవరో కింద పడేసి ఉంటారు. ఆయిల్ స్టోన్‌తో రుద్దేసరికి పోయింది.

టిక్ పోయినా నిద్ర రాలేదు. అసలు మంట సింక్రో రింగు మీద, అదే, గేరు పడేముందు రెండు వైపుల వేగాన్నీ రాపిడితో సమం చేసే ఇత్తడి రింగు.

ఈ సిరీస్ మొత్తానికి సరిపోతుందని రాసి మరీ అమ్మారు. బయటి కొలత సరే, పళ్లు సరే, గాళ్లు కూడా సరే. తీరా గేరుకుండే వాలు భాగం, అంటే కోన్ మీద పెట్టి నొక్కి తిప్పితే జారిపోతోంది. సరైన రింగు అయితే అక్కడికక్కడే పట్టేయాలి. ఎక్కడ ఆనుతోందో అంటి చూపించే నీలం రంగు, ఇంజనీర్స్ బ్లూ, కోన్‌కి పల్చగా పూసి, రింగు తొడిగి, తీసి చూశాను. లోపలి గీతలన్నిటి మీదా అంటాల్సిన నీలం ఒక్క అంచున సన్నటి దారంలా అంటింది. మిగతాదంతా పసుపే. వాలు తేడా! కంటికి ఆనదు, స్కేలుకి చిక్కదు. కోన్ కోణం ఎంతో రాయకుండా 'అన్నిటికీ సరిపోతుంది' అని రాయడానికి చేతులెలా వస్తాయో! గ్రైండింగ్ పేస్ట్ పెట్టి రుద్దెయ్యమని ఒక సలహా కూడా వచ్చింది. రుద్దితే ముందు పోయేవి ఆ సన్నటి గీతలే, నూనె పొరని చీల్చి పట్టునిచ్చేవి అవే కదా. పైగా రింగు లోపలికి దిగి గేరుకీ దానికీ మధ్య ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. ఆ సందుని ఫీలర్ గేజ్‌తో చూడమని మాన్యువల్ ఊరికే చెప్పలేదు.

1928లో కాడిలాక్ ఈ సింక్రోమెష్‌ని కార్లలోకి తెచ్చింది. అంతకుముందు నడిపినవాళ్లకి గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కే డబుల్ క్లచ్ తప్పేది కాదు. మామయ్య బండిలో మొదటి గేరుకి తప్ప అన్నిటికీ సింక్రో ఉండేది, అయినా ఆయన దేన్నీ నమ్మలేదు. క్లచ్ తొక్కి న్యూట్రల్, వదిలి యాక్సిలరేటర్ మీద చిన్న తట్టు, మళ్లీ క్లచ్, కింది గేరు. వెనక సీట్లో మమ్మల్ని కళ్లు మూసుకోమని, చప్పుడుని బట్టి ఏ గేరో చెప్పమనేవాడు. తమ్ముడు వేళ్ల సందుల్లోంచి ఆయన భుజం కదలిక చూసి చెప్పేవాడు. నాకు తెలిసేది, ఒక్కసారి కూడా చాడీ చెప్పలేదు. నేను మాత్రం విని చెప్పేదాన్ని, తప్పులూ ఎక్కువ నావే. "అమ్మాయి వింటోంది" అనేవాడు మామయ్య. వాడికి మండేది. ఇవాళ ఫోన్లో ఆ మాట తీరు చూస్తే ఇంకా మండుతున్నట్టే ఉంది.

ఆయన గుర్తొచ్చాక ఇంత టెన్షన్ ఎందుకు, అరిగిన పాత రింగే వేసేసి డబుల్ క్లచ్‌తో నడిపేస్తే పోలా అనిపించింది. ఇక్కడిదాకా రాసినప్పుడు అదే నా నిర్ణయం. కానీ ఈ బండి నడపబోయేది నేనొక్కదాన్నే కాదు. చిన్నది అడుగుతూనే ఉంది. దానికి క్లచ్ ఒకసారి తొక్కే ఓపికే లేదు, రెండుసార్లు ఎక్కడ తొక్కుతుంది? తొక్కకుండా లాగేస్తే ఆ గరగరకి గేరు పడ్డప్పుడు పట్టుకునే చిన్న పళ్లు, డాగ్ పళ్లు, వాటి మొనలు మొండిబారతాయి. అప్పుడు మళ్లీ గేరే మార్చాలి.

కాబట్టి రింగు వాపసు. ఈసారి సిరీస్ పేరు అడగను, కోణం ఎంతో చెప్పమంటాను. పాత డబ్బాలో మిగిలిన జీఎల్-5 రకం గేరు నూనె కూడా ఇందులో పొయ్యను. అది డిఫరెన్షియల్‌కి బాగుంటుందేమో గానీ సింక్రో రింగుల ఇత్తడికి పడకపోవచ్చు. మాన్యువల్ చెప్పిన జీఎల్-4 పోస్తాను. సరైన రింగు వచ్చేదాకా బల్ల ఖాళీ అవ్వదు. ఆ సంగతి వాళ్ల నాన్నకి చెప్పే పని చిన్నదానికే అప్పజెప్పాలి, బండి కావాల్సింది దానికే కదా.