కతోలిక సభ (చర్చి) నా మొదటి పెళ్లి చెల్లదని చెప్పేదాకా: నా అనుభవం

మా మేత్రాసన ట్రిబ్యునల్, అంటే బిషప్ గారి పరిధిలోని చర్చి కోర్టు, ఇచ్చిన తీర్పు మీద అప్పీలు గడువు నిన్నటితో ముగిసింది. ఇంక టెన్షన్ లేదు కాబట్టి రాస్తున్నా.

ముందు ఒక మాట. విడాకులు తీసుకున్నవాళ్లకు సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కోర్టులో విడాకులైనా మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నవాళ్లను ఆ ఒక్క కారణంతో ఆపే హక్కు ఎవరికీ లేదు. మా గుడిలో ఒక పెద్దమనిషి నాకు సత్ప్రసాదం లేదని చెప్పి నన్ను ఏళ్ల తరబడి వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు "నిన్నెవరు ఆపమన్నారమ్మా?" అన్నాకే నాకు సంగతి తెలిసింది.

నిజంగా అడ్డు పడేది రెండో పెళ్లి. నేను రిజిస్టర్ పెళ్లి చేసుకున్నా. సభ లెక్కలో మొదటి బంధం ఇంకా ఉన్నట్టే, కాబట్టి సత్ప్రసాదం ఆగిపోయింది. పిల్లల కోసమో మరెందుకో విడిపోలేకపోతే, సత్ప్రసాదం కావాలంటే దాంపత్యం లేకుండా అన్నాచెల్లెళ్లలా ఉండాలని 1981లో రెండో జాన్ పాల్ పోప్ గారు రాశారు. మా ఆయన ఎదురుగా ఆ మాట చెప్పడానికి ఫాదర్ గారు పడ్డ ఇబ్బంది చూడాలి! 2016లో ఫ్రాన్సిస్ పోప్ గారు 'అమోరిస్ లెతీసియా' అనే పత్రంలో, ఇలాంటివాళ్లకు కొన్ని సందర్భాల్లో సంస్కారాల సాయం కూడా అందొచ్చని ఒక ఫుట్‌నోట్ పెట్టారు. దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతున్నారు. ఫుట్‌నోట్ పట్టుకుని దొడ్డిదారిన వెళ్లే రకం కాదు నేను. అందుకే మొదటి పెళ్లి చెల్లదని తేల్చమని ట్రిబ్యునల్‌కు వెళ్లా.

జ్ఞానస్నానం సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, కోర్టు డిక్రీ, అర్జీ తేలిగ్గానే అయిపోయాయి. మాజీ భర్త నోటీసుకు జవాబివ్వలేదు. అవతలివాళ్లు పలక్కపోయినా కేసు ఆగదు.

నన్ను నలిపేసింది వాంగ్మూలం. బైబిలు మీద చెయ్యి పెట్టించి మొదలుపెట్టారు. తాగి వచ్చిన రాత్రులు, దెబ్బలు, అన్నీ ఏడుస్తూ చెప్పా. విచారణ చేసే ఫాదర్ అంతా విని, "ఇవి పెళ్లయ్యాక జరిగినవి కదమ్మా. పెళ్లి రోజున ఆయన మనసులో ఏముందో చెప్పు" అన్నారు. మొహం మీద నీళ్లు కొట్టినట్టయింది. అంటే ఆ దెబ్బలకు లెక్కే లేదా?

ఆ తర్వాత నోటరీ టైపు చేసింది చదివి వినిపించాడు: "దంపతుల మధ్య సర్దుబాటు లోపించినది." నా పక్కటెముక విరిగితే అది సర్దుబాటు లోపమా? సంతకం పెట్టనన్నా. "అర్థం ఒకటేనమ్మా" అన్నాడు. ఒకటి కాదన్నా. అతను విసుక్కుంటూ ఆ వాక్యం తీసేసి "కొట్టాడు" అని టైపు చేసేదాకా కుర్చీలోంచి లేవలేదు. మీరూ ప్రతి పేజీ చదివాకే సంతకం పెట్టండి. వాళ్ల తొందర వాళ్లది.

ఇంకా ఉంది. డిఫెండర్ ఆఫ్ ద బాండ్ అని ఒకాయన ఉంటారు, పెళ్లి చెల్లుతుందని వాదించడమే ఆయన పని. ఇన్నేళ్లు కాపురం చేశారు, బిడ్డ పుట్టింది, ఫోటోల్లో సంతోషంగా ఉన్నారు అని రాశారాయన. పెళ్లి ఫోటోలో నవ్వకపోతే మా నాన్న ఊరుకునేవాడా?

చివరికి కేసు నిలబెట్టింది మాజీ భర్త స్నేహితుడు. "ఆస్తి రాసిస్తానని నాన్న అంటేనే చేసుకుంటున్నా, పడకపోతే వదిలేస్తా" అని పెళ్లికి ముందు రోజు తనతో అన్నాడని సాక్ష్యం చెప్పాడు. చనిపోయేదాకా ఉండే బంధాన్ని మనసులో ఒప్పుకోకుండా చేసిన ప్రమాణం చెల్లదు. కాబట్టి సాక్షులుగా పెళ్లికి ముందు నుంచీ ఎరిగినవాళ్లను పెట్టండి. తర్వాతి గొడవలు చూసిన చుట్టాలు ఎంతమంది వచ్చినా వాళ్లతో ఒరిగేది తక్కువ.

మునుపు రెండు ట్రిబ్యునళ్లు ఒకే మాట చెప్పాల్సి ఉండేది. 2015లో ఫ్రాన్సిస్ పోప్ గారు ఆ నిబంధన తీసేశారు కాబట్టి నాకు ఒక్క తీర్పుతో సరిపోయింది. డబ్బు పెడితే తీర్పు వస్తుందన్న పుకారు చెప్పినవాళ్లెవరూ ట్రిబ్యునల్ గడప తొక్కినవాళ్లు కారు. బిడ్డ అక్రమ సంతానం అయిపోతుందని నన్ను భయపెట్టిన పిన్నులు సభ చట్టంలోని కానన్ 1137 చదువుకోవాలి. అలాంటిదేమీ ఉండదు.

తీర్పు రాగానే సత్ప్రసాదం వరుసలోకి వెళ్లిపోకండి. ఇప్పటి పెళ్లిని గుడిలో జరిపించుకోవాలి, పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలి. మాది వచ్చే శనివారం, పొద్దున పూజలోనే.