చచ్చిన జెల్ల ముల్లు

సముద్రంలో వేట నిషేధం జూన్ 14తో ముగిసింది. రెండు నెలలుగా చెరువు చేపలు తిని విసుగెత్తిన మా ఆయన ఆ ఆదివారం అంతర్వేది పల్లిపాలెం దాకా బండేసుకెళ్లి సముద్రపు జెల్ల చేపలు తెచ్చారు. మామిడికాయలు ఇంకా దొరుకుతున్నాయి. పులుసు పెట్టాలని నాకే ఆత్రం.

సంచిలో చెయ్యి పెట్టగానే చూపుడు వేలి మొదట్లో ముల్లు దిగింది. చేప ఎప్పుడో చచ్చి, ఐసులో బిగుసుకుని ఉంది. ముల్లు మాత్రం నిటారుగానే ఉంది. జెల్లకు వీపు మీద ఒకటి, మొప్పల వెనక రెక్కలకు చెరొకటి ఉంటాయి. ఒకసారి లేచాయంటే మొదట్లో గొళ్లెం పడ్డట్టు బిగుసుకుంటాయి.

చేపల ముళ్లు గుచ్చుకోవడం నాకు కొత్త కాదు. ఇది వేరు. పది నిమిషాల్లో సలుపు మోచెయ్యి దాటింది, వేలు తెల్లబడింది. ఐసు పెట్టాను. పసుపు అద్దాను. రెండూ పనిచెయ్యలేదు. కూర్చోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఏడ్చాను.

అప్పుడే మా వీధికి చేపలు తెచ్చే పిన్ని వచ్చింది. "నన్ను కాదని రేవుకెళ్లి కొంటారా, బాగైంది" అని ముందు దెప్పి, తర్వాత నా చెయ్యి చూసింది. "ఐసు తీసెయ్యమ్మా. వేన్నీళ్లు పెట్టు. ముందు బాగున్న చెయ్యి ముంచి చూడు, ముల్లు దిగిన చేతికి కాలినా తెలీదు." ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచితే పావుగంటకు ప్రాణం కుదుటపడింది. బయటికి తీస్తే మళ్లీ సలుపు. అలా గంటన్నర.

జెల్ల ముల్లుకు విషం ఉంటుంది. ఆ విషం ప్రొటీన్ అట, వేడికి చెడిపోతుందట. నీళ్లు 45 డిగ్రీలు మించకూడదని తర్వాత డాక్టరుగారు చెప్పారు. తేలు కొండిలా లోపలికి ఎక్కించే ఏర్పాటేమీ జెల్లకు లేదు. ముల్లు మీది పల్చటి తొడుగు మన చర్మంలో చినిగితే అందులోని విషం కారుతుంది, అంతే. అందుకే చచ్చిన చేపా కుడుతుంది.

సాయంత్రం దగ్గర్లోని క్లినిక్‌లో టీటీ ఇంజెక్షన్ చేసి, చేప ముల్లే కదా అని పంపేశారు. నాలుగో రోజుకు వేలు అరటిపండులా వాచింది, చంకలో బిళ్ల కట్టింది, జ్వరం. టెన్షన్ పడి అమలాపురం వెళ్తే ఎక్స్‌రేలో ముక్క కనిపించింది. ముల్లు అంచుకు రంపం పళ్లు. లోపలికి పోవడం తేలిక, రావడమే కష్టం. మత్తిచ్చి తీసి, ఉప్పునీటి క్రిములకు పనిచేసే వేరే యాంటీబయాటిక్ రాశారు.

మూడు వారాలు స్పూనుతో తిన్నాను. జడ మా ఆయనే వేశారు, దాని సంగతి చెప్పకపోవడమే మంచిది. స్పాంజి బంతి నొక్కుతూ కూర్చున్న రోజుల్లో ఈ చేపల గురించి దొరికిందల్లా చదివాను. రాతిచేపకైతే వీపు మీద పదమూడు విషపు ముళ్లట! మన జెల్లల్లో మగది గుడ్లను నోట్లో పెట్టుకుని, పిల్లలయ్యేదాకా తిండి మానేస్తుందట. దాన్ని తిట్టిన తిట్లు కొన్ని వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు పిన్ని కటింగ్ ప్లేయర్‌తో మూడు ముళ్లూ విరిచాకే జెల్ల నా గిన్నెలో వేస్తుంది. పల్లిపాలెం మాట మాత్రం ఎత్తనివ్వదు.